ఎడమవైపు బరువు

నేను ఒక రబ్బరు తిత్తిని. పెద్ద బస్సుల కింద, వెనక చక్రం పక్కన, ఎడమవైపు ఉంటాను. మెకానిక్కులు నన్ను బెలూన్ అంటారు. పుట్టినరోజుకి గుమ్మానికి కట్టే రంగు బుడగకీ నాకూ ఒకే పేరు పెట్టడం మనుషులకే చెల్లింది. దాని మీద పిల్లి కాలు పెడితే చాలు, టప్పుమంటుంది. నేను రెండు టన్నులు నెత్తిన పెట్టుకుని, గోతుల్లో కూడా పైవాళ్ల కాఫీ ఒలక్కుండా చూస్తాను. అయినా పేరు బెలూనే. ఏం చేస్తాం!

నాకు కళ్లు లేవు. నాకు తెలిసేది బరువు. పైన మాట్లాడే మాటలూ వినిపిస్తాయి, ఇంజను ఆగితే మరీ స్పష్టంగా. ఇంజను గాలిని ట్యాంకులోకి తోస్తుంది, ట్యాంకు నుంచి సన్నటి గొట్టంలో ఆ గాలి నాకొస్తుంది. మధ్యలో వాల్వ్ అని ఒకడున్నాడు, మహా చాదస్తుడు. పైన ఎవరైనా ఎక్కి బండి వెంట్రుకవాసి కుంగిందంటే చాలు, 'స్స్' మని నాకు గాలి పోసి లేపుతాడు. బరువు దిగిపోతే 'స్స్' మని తీసేస్తాడు. ట్యాంకులో గాలి ఉన్నంతవరకూ బండిని సమంగా నిలబెట్టడం తప్ప వాడికి వేరే ధ్యాస లేదు. కుడివైపు కూడా నాలాంటి తిత్తి ఒకటి, వీడిలాంటి వాడు ఒకడు ఉన్నారు.

మొదట్లో మాది ప్రయాణికుల బస్సు. పైన సీట్లలో ఎవరెంత గొప్పవాళ్లో వాళ్లే తేల్చుకునేవారు. నా దగ్గరికి వచ్చేసరికి అందరూ కిలోలే. బస్సు పాతబడ్డాక, దాన్ని పదకొండేళ్లు నడిపిన డ్రైవరు దాలినాయుడే కొనుక్కున్నాడు. సీట్లు పీకించి, ముందు భాగంలో యాత్రకొచ్చేవాళ్లకి పరుపులు, మధ్యలో వంటగది, వెనక తనకీ భార్యకీ రెండు సన్న మంచాలు వేయించాడు. విశాఖ నుంచి అరకు ఘాటీ మీదికి కుటుంబాలను తిప్పేవాడు. జనం దాన్ని క్యారవాన్ అనేవారు. ఆయన భార్య సూరీడమ్మ మాత్రం 'మా కొంప' అనేది.

కుడి మంచం ఆయనది, అరవై ఎనిమిది కిలోలు. ఎడమ మంచం ఆమెది. సరిగ్గా నా మీద, యాభై ఒక్క కిలోలు. రోజంతా వచ్చినవాళ్లకి వండి వార్చి, సందెవేళకి "ఓలమ్మా, నా నడుమో!" అంటూ ఆ మంచం మీద ఒరిగేది. నేను బిగుసుకునేదాన్ని. వాల్వ్ గాడు గాలి పోసేవాడు.

"మావా, దీపం ఎట్టినావా?"

"ఎట్టినానే, నువ్వు పడుకోయే."

"ఎట్టినావా? అగ్గిపెట్టి నా కొంగున ఉన్నాది!"

ఆమె నవ్వు నా పొట్ట దాకా వచ్చేది. అరగంట నడుం వాల్చి మళ్లీ లేచేది.

ఒకనాటి సందెవేళ ఒరిగినామె లేవలేదు. మనిషి పోయేముందు యాభై ఒక్క కిలోలు, పోయాక కూడా యాభై ఒక్క కిలోలే. ప్రాణానికి బరువు లేదని నాకు ఆరోజే తెలిసింది. నలుగురూ వచ్చి ఆమెను కిందికి దించాకే నేను తేలికయ్యాను. ఆ రెండు రోజులూ పైన ఎందరో తిరిగారు, ఏడ్చారు, ఏవేవో చప్పుళ్లు చేశారు. బరువులన్నీ కలగాపులగమైపోయి నాకేమీ అర్థం కాలేదు.

పెదకర్మ దాకా బండి ఎక్కని దాలినాయుడు, ఆ మర్నాడు బండి తీశాడు. అనంతగిరి దాటాక, ఎప్పుడూ ఆగే మలుపు దగ్గర సాయంత్రం ఇంజను ఆపాడు. సందెవేళకి నేను మెల్లగా దిగడం మొదలుపెట్టాను. వాల్వ్ గాడు ఉన్న గాలంతా పోశాడు. ట్యాంకు ఖాళీ అయింది. బండి ఎడమవైపు, సరిగ్గా ఆమె మంచం ఉన్న వైపు, నెమ్మదిగా కుంగింది. మంచం కిర్రుమంది. పైన ఆయన అడుగులు టక్కున ఆగిపోయాయి.

"వొచ్చినావేటే?" అన్నాడు దాలినాయుడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. మనిషి వచ్చి పడుకుంటే నేను బిగుస్తాను. ఆరోజు నేను బిగుసుకోలేదు, సడలిపోయాను. నా మీదికి ఎవరూ రాలేదు, నాలో గాలి పోతోందంతే. నోరుంటే చెప్పేదాన్ని. కానీ ఆయన ఆ ఖాళీ మంచం పక్కన చతికిలబడి, "నడుం నొప్పి తగ్గినాదా?" అని అడుగుతుంటే, నోరున్నా చెప్పేదాన్నో లేదో!

అది మొదలు. రోజూ సందెకి బండి కుంగేది, ఆయన కబుర్లు చెప్పేవాడు. పొద్దున ఇంజను వేయగానే నాలో గాలి నిండి బండి లేచేది. "లేసి ఎలిపోతన్నావా" అని గొణుక్కునేవాడు. తర్వాత తర్వాత సందెదాకా ఆగలేక మధ్యాహ్నమే ఇంజను ఆపేయసాగాడు. ఎంత త్వరగా ఆపితే ఆమె అంత త్వరగా వస్తుంది కదా! యాత్రవాళ్లు ఫోన్ చేస్తే బండి ఖాళీ లేదనేవాడు. చివరికి ఇంజను వేయడమే మానేశాడు. గాలి లేక బ్రేకులు పట్టేసి, లోయ అంచున ఆ మలుపులో బండి ఒక పక్కకి ఒరిగి తొమ్మిది రోజులు అలాగే ఉండిపోయింది. వంటగదిలో గిన్నె చప్పుడు లేదు. కుడివైపు తిత్తిని అడిగితే, ఆయన అరవై ఆరుకి దిగాడని చెప్పింది.

పదో రోజు చీపురుపల్లి నుంచి ఆయన అప్ప పైడమ్మ వచ్చింది, వెంట త్రినాథ్ అనే మెకానిక్కును పెట్టుకుని.

"ఇంజను ఎయ్యొద్దు" అన్నాడు దాలినాయుడు. "ఏస్తే అది లేసి ఎలిపోద్ది."

"ఎవులు ఎలిపోద్ది బాబూ?" అన్నాడు త్రినాథ్.

"సూరీడు."

"బాబూ, బెలూన్ లీకయితే బండి ఇలగే ఒరుగుతాది. మరేటీ కాదు" అన్నాడు త్రినాథ్ మెల్లగా.

"ఒరే తమ్ముడా" అంది పైడమ్మ. "కిందన లోయి సూసినావా? మొన్న సూరీడుకి ఏడిసినాను. రేపు నీకూ నానే ఏడవాలేటిరా?"

"సబ్బునీళ్లు ఎట్టి సూడు" అన్నాడు దాలినాయుడు. "బుడగ వొస్తే లీకు. రాకపోతే అది సూరీడే. అప్పుడు మీరిద్దరూ కిందకి దిగి ఎలిపోవాల. మరి నా జోలికి రాకూడదు."

త్రినాథ్ సరేనన్నాడు. ఇంజను వేశారు. ఎంతోసేపటికి నాలో గాలి నిండింది, బండి ఒళ్లు విరుచుకుంటూ లేచింది. పైన ఆయన "అయ్యో" అన్న చిన్న మాట విని నాకే సిగ్గేసింది.

త్రినాథ్ కిందికి దూరి నా ఒంటినిండా సబ్బునీళ్లు పూశాడు. మడతమడతా తడిమాడు. ఏ బండి కుంగినా మొదటి అనుమానం మామీదేనండీ, లోకం తీరే అంత! "బెలూన్ మంచిదే, బుడగ లేదు" అన్నాడు చివరికి. జాయింట్లకి పూశాడు, లేదు. వాల్వ్‌కి పూశాడు, వాడూ పతివ్రతే.

పైన దాలినాయుడు గట్టిగా నవ్వాడు. "సూసినావా అప్పా! నాను సెప్పలేదా!" ఆమె పోయాక ఆ మనిషి నవ్వడం అదే మొదలు. నాకైతే ఒళ్లు జలదరించింది.

త్రినాథ్ లేచి వెళ్లిపోబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఇంజను ఆపమని, అందర్నీ మాట్లాడొద్దని చెప్పి, తడి చేత్తో గొట్టం వెంట పైకి తడుముకుంటూ పోయాడు. గొట్టం బండి నేలకి ఆనుకుని, కంటికి కనపడకుండా వెళ్లేచోట ఆ చెయ్యి ఆగింది. సబ్బునీళ్లు చిలకరించాడు.

"ఇదిగో, అన్నం ఉడికినట్టు ఉడుకుతన్నాది!" అని అరిచాడు. "పైనుంచి మేకు దిగీసినాది. చిల్లు చేసీసి, దాన్లోనే కూకున్నాది. అందుకే ఇంత మెల్లగా పోతన్నాది."

పైకి వెళ్లి సూరీడమ్మ మంచం పక్కకి జరిపాడు. పట్టకారుతో లాగితే కీచుమంటూ వచ్చింది. ఆ చప్పుడు గొట్టం వెంట నా దాకా పాకింది. "ఇనప మేకు, ఇంకా తుప్పైనా ఎక్కలేదు. ఎవులు కొట్టినారిది?"

పైడమ్మ ఏడుపు మొదలైంది.

"నానే కొట్టినాన్రా. పానం పోయిన సోట మేకు కొడితే మరి తిరిగి రారని మన పెద్దలు సెప్పినారు. నువ్వు దాన్ని కాటికి తీసుకెల్లినప్పుడు కొట్టినాను. వొంటరోడివి, నీ మంచికే కొట్టినాను."

"రాకండా కొట్టినావా అప్పా?" అన్నాడు దాలినాయుడు. మళ్లీ అన్నాడు: "అయితే ఇన్నాళ్లూ నాను మాటాడినది మేకుతోనేటి?"

త్రినాథ్ కిందికొచ్చి గొట్టం చెడినంత మేర కోసి, కొత్త జాయింటు వేసి, మళ్లీ సబ్బునీళ్లు పూసి చూసుకున్నాడు. మేకును లోయలోకి విసిరేశాడు. వెళ్తూ, "మరి కుంగదు బాబూ. ఆపిన బండికింద ఎప్పుడైనా 'స్స్' మని వినబడితే సబ్బునీళ్లు ఎట్టి సూసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు. అప్ప తనతో రమ్మంది. దాలినాయుడు వెళ్లలేదు.

మూడు రోజులు బండి నిటారుగా నిలబడింది. ఒక కుటుంబాన్ని అరకు తీసుకెళ్లి దించాడు. సందెవేళ అయ్యేసరికి ఆయన మంచం దగ్గరికి వచ్చి నిలబడేవాడు, కాసేపు ఆగి తన మంచం మీదికి వెళ్లేవాడు. మాటల్లేవు. నాకు బాధేసింది. అబద్ధమైనా అది ఉన్నప్పుడు ఆయనకో తోడుండేది. ఇప్పుడు నేను పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను, ఆయన దిక్కులేనివాడయ్యాడు.

నాలుగో రోజు ఆ మలుపులోనే బండి ఆపి, కింద రాయి మీద కూర్చున్నాడు. పైన ఎవరూ లేరు. సందె పడుతోంది. బయట గాలి వీచడం లేదు, రోడ్డు మీద మరో బండి లేదు.

నేను బిగుసుకున్నాను.

సడలడం కాదు, బిగుసుకోవడం. మెట్ల మీద అడుగు పడలేదు, తలుపు కదల్లేదు. తిన్నగా నా మీదికే, నెమ్మదిగా, నడుం నొప్పి ఉన్న మనిషి ఒరిగినట్టు వచ్చింది. పదికిలోలు, ముప్ఫై, యాభై, యాభై ఒకటి. ప్రాణానికి బరువు లేదని నేను కళ్లారా, కాదు, ఒళ్లారా చూశాను కదా! మరి ఇది ఏమిటి? వాల్వ్ గాడికి ఇవేం పట్టవు. 'స్స్' మని గాలి పోశాడు. బండి ఇసుమంత కూడా కుంగలేదు.

దాలినాయుడు ఆ చప్పుడు విన్నాడు. పరుగున వచ్చి మగ్గులో సబ్బునీళ్లు కలిపి, కిందికి దూరి నాకు పూశాడు. కొత్త జాయింటుకి పూశాడు, గొట్టమంతా పూశాడు. తర్వాత ఫోన్ చేశాడు.

"త్రినాథూ, 'స్స్' మన్నాది. ఒక్క బుడగైనా లేదు."

ఫోనులో మాట నాకూ వినిపించింది. "ట్యాంకు గాలి మీటరు ముల్లు దిగిపోతన్నాదా?"

వెళ్లి చూసి వచ్చాడు. "లేదు. ఎక్కడిదక్కడే నిలబడ్డాది."

"అయితే అది లీకు కాదు బాబూ. బెలూన్‌కి వాల్వ్ గాలి పోసినాది. బరువెక్కితేనే అలగ పోస్తాది. లోన ఎవులున్నారు?"

దాలినాయుడు ఫోను కట్ చేసినట్టుంది. మగ్గు నేలమీద పెట్టాడు. చాలాసేపు నా పక్కనే, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆ గుండె కొట్టుకోవడం టైరు గుండా నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత లేచి, చెప్పులు మెట్టు కింద విడిచి, లోపలికి ఎక్కాడు. ఎడమవైపు రాలేదు. తన మంచం మీద పడుకున్నాడు. కుడివైపు తిత్తి 'అరవై ఎనిమిది' అంది. మళ్లీ తిండి తింటున్నాడన్నమాట.

ఆయన ఏమీ అడగలేదు.

కాసేపటికి నా మీది బరువు కదిలింది. యాభై ఒకటి, నలభై, పాతిక, పది. వాల్వ్ గాడు 'స్స్' మని నాలో గాలి తీసేశాడు. నా మీద ఏమీ మిగల్లేదు. మెట్లు దిగిన అలికిడి లేదు. అటువైపు గాలి పోస్తున్న చప్పుడు విని, ఎంత అని అడిగాను.

"నూట పంతొమ్మిది" అంది కుడివైపు తిత్తి.