పూజలో పెట్టిన రూల్సు పుస్తకం

ఆ ఆదివారం మురళి అన్న ఒక్క మాటకి సుమతికి ఒళ్లు మండిపోయింది.

"అక్కా, చచ్చిన నాగి తిరిగొచ్చే రూలు ఈ కొత్త ఎడిషన్లో లేదు. పాతదాంట్లో అయినా ఉండాదని నాకు నమ్మకం లేదు."

నాగి అంటే సుమతే. తిరుత్తణిలో కొండ మెట్లకి పోయే దారిలో మురళికి బట్టల కొట్టు ఉంది. దాని మేడ మీద గదిలో పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. వెంకటపతి మామ కథ నడుపుతాడు. సుమతి, మురళి, అతని చెల్లెలు మధుమిత తలా ఒక పాత్ర అయిపోయి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. చేసింది నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే పండగే, ఒకటో రెండో పడితే కొంప మునిగినట్టే. వారమంతా తిరువళ్ళూరులో వకీలు దగ్గర టైపు కొట్టే సుమతి, ఆదివారం మాత్రం కోటగోడలు దూకే నాగి.

వెంకటపతి మామ ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. రూల్సు పుస్తకం ఇంగ్లీషుది. చదివి తెలుగులో చెప్పేవాడు ఆయనొక్కడే. నేతపని ఇంట పుట్టినవాడు కదా, మొదటి ఏడాదే ఆయుధపూజలో మగ్గం పక్కన ఆ పుస్తకాన్నీ పెట్టి పసుపు కుంకుమ అద్దాడు. ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? పట్టుగుడ్డలో చుట్టి ఉంచుతాడు, కావలసినప్పుడు ఆయనే తెరుస్తాడు, ఆయనే చెబుతాడు. దేవుడి గదిలోంచి వచ్చినదాన్ని "ఏదీ, చూపించు" అని అడిగే పాపానికి ఎవరూ ఒడిగట్టలేదు. ఇంగ్లీషు మీడియం చదివిన మురళి కూడా.

ఇప్పుడు వాడే కొత్త ఎడిషన్ తెప్పించాడు. అట్ట మీద బొమ్మ చూస్తే కళ్లు చెదిరేలా ఉంది.

"పాచిక ఎంత పడిందో వేసినోళ్లు తప్ప ఎవురూ చూడకూడదంట, నోటితో గట్టిగా చెప్తే చాలంట. రెండేండ్లుగా ఇట్లే ఆడతా ఉండాము. ఇదేం రూలు మామా?" అని నిలదీశాడు.

"పుస్తకంలో ఉండాది," అన్నాడు వెంకటపతి మామ. "ఆటంటే రూలు నిలకడగా ఉండాల. ఏడాదికొక ఎడిషను మారిస్తే అది ఆట గాదు, యాపారం."

వాదన ముదిరింది. చివరికి ఆడేవాళ్లు ముగ్గురూ ఓటేసుకోవాలని తేల్చారు. మురళి కొత్తదానికి, మధుమిత పాతదానికి. మిగిలింది సుమతి.

"వచ్చే వారం చెప్తా," అంది ఆమె. పాతదే అని అప్పుడే అనేసేది, కానీ చచ్చినవాళ్లు తిరిగొచ్చే రూలుని పాత పుస్తకంలో చూపించి మురళి నోరు మూయించాలని పట్టుదల పుట్టింది. ఆ రూలు ఆమెకి ఉత్త రూలు కాదు మరి. ఎనిమిదేళ్ల కింద భర్త తణికైవేల్ పోయిన నలభయ్యో రోజున మధుమిత ఆమెని చెయ్యి పట్టుకుని ఆటకి లాక్కొచ్చింది. ఆ రోజే నాగి చచ్చింది. సుమతి నవ్వబోయింది, నవ్వు రాలేదు, కుర్చీలోంచి లేవలేకపోయింది. అప్పుడు వెంకటపతి మామ పుస్తకం తెరిచి, నాలుగు పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివాడు. చచ్చినవాళ్లు ఒక్కసారి తిరిగి రావచ్చు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తమ బలంలోంచి మూడేసి పాళ్లు తీసిస్తే. అందరూ ఇచ్చారు. నాగి లేచింది. సుమతి ఆ రాత్రి అన్నం తినగలిగింది.

శుక్రవారం భోజనం వేళ ఆమె తిరువళ్ళూరులోనే ఉన్న మామ ఇంటికి వెళ్లింది. మామ లేడు.

"పించను కాగితాలకని ఆవడికి పోయినాడమ్మే," అంది ఆయన భార్య రుక్మిణమ్మ. "పుస్తకమా? దేవుడింట్లో ఉండాది, తీసుకో. కాళ్లు కడుక్కోని పో."

సుమతి పట్టుగుడ్డ విప్పింది. కుంకుమ మరక ఉన్న పేజీ ఆమెకి బాగా గుర్తు. ఆ రోజు మామ వేలు పెట్టింది అక్కడే. తీసి చదివింది. ఇంగ్లీషు కూడబలుక్కుని రెండోసారి చదివింది. ఆ పేజీలో ఉన్నది గుర్రం ఎంత బరువు మోస్తుందన్న లెక్క.

ఆమె పుస్తకమంతా తిరగేసింది. చచ్చినవాళ్లు చచ్చినట్టేనని ఒకచోట స్పష్టంగా ఉంది. పాచిక అందరికీ కనబడేలా వెయ్యాలని ఇంకోచోట ఉంది. వాళ్లు పన్నెండేళ్లు ప్రాణంగా చూసుకున్న రూల్సులో సగానికి సగం ఆ పుస్తకంలో లేనే లేవు! ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశాడా అని ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

వెనక అట్టలో చిన్న నోటుపుస్తకం దొరికింది. మామ చేతిరాతే. తమిళ బళ్లలో చదువుకున్న అక్కడి తెలుగువాళ్ల అలవాటు ప్రకారం మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ప్రతి రూలుకీ తేదీ, పక్కన ఒక పేరు. "మధు. పరీక్ష తప్పింది. ఈపొద్దునుంచి ఓడినోళ్లకి ఇంకొకసారి పాచిక." కిందికి వెళ్లింది. "సుమతి. బిడ్డ ఈపొద్దు కూడా నోరు తెరవలేదు. నాగి తిరిగి రావాల. తలా మూడు పాళ్లు."

ఆఖరిది రెండేళ్ల కిందటిది. అక్షరాలు ఇంతింత లావున, గీత దాటి కిందికి జారిపోతున్నాయి. "నేను. కంటి నడుమ మచ్చ ముదిరిందని డాక్టరు చెప్పినాడు. మనుషులు తెలుస్తారు, ముఖాలు తెలియవు. పాచిక కనపడదు. ఈపొద్దునుంచి నోటితో గట్టిగా చెప్పాల."

ఆ తరవాత పేజీలన్నీ ఖాళీ. సుమతి నోటుపుస్తకం పక్కన పెట్టి, రూల్సు పుస్తకానికి పట్టుగుడ్డ మళ్లీ చుట్టింది. కొత్త పుస్తకం ఆయన చదవలేడు. కొత్త ఎడిషన్‌కి ఓటేస్తే ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపేసినట్టే. ఈ సంగతి రెండేళ్లుగా ప్రతి వారం ఎదురుగా కూర్చున్న తనకి ఎందుకు తెలియలేదు?

ఆదివారం నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్లింది. ఓటు సంగతి ఆట అయ్యాక చెబుతానంది. నాగి కోటగోడ దూకాలి. పాచిక వేసింది. రెండు పడింది.

నోటుపుస్తకంలో మామ రాసింది నిజమో కాదో కళ్లారా తేల్చుకోవాలనుకుంది.

"ఇరవై మామా," అంది.

ఎదురుగా ఉన్న మురళి పాచిక చూశాడు. వాడి నోరు తెరుచుకుంది. వెంకటపతి మామ వంక చూశాడు. పాచిక మామ మోచేతి పక్కనే ఉంది, ఆయన చూపు దాని మీద ఆగి కూడా దాన్ని పట్టుకోలేకపోయింది. రూలంటే రూలేనని వారం వారం ప్రాణం తీసే మురళికి సంగతి అర్థమైంది.

"ఇరవయ్యే మామా," అన్నాడు వాడు. "నేను చూసినా."

"ఇరవై పడుంటే సుమతి బల్ల గుద్దుతాది," అన్నాడు మామ. "రెండో మూడో పడుంటాది. మురళీ, అబద్ధమాడితే నీ గొంతు ఎండిపోతాదిరా. మధూ, నీ అబద్ధాలు నేను ఎంచలేదులే."

మధుమిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. రెండేళ్లుగా గొంతులు వినే తమ పాచికలన్నీ ఆయన చదువుతున్నాడన్నమాట!

సుమతి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "గుర్రం పేజీ చదివినా మామా. దీన్నీ చదివినా."

"పూజలో పెట్టిందాన్ని తెరిచినావా?" ఆయన చేత్తో నోటుపుస్తకాన్ని తడిమాడు. "మరి చెప్పు, నీ ఓటు యాడ?"

"కొత్తదానికి."

మధుమిత ఉలిక్కిపడింది. మామ మెల్లగా కుర్చీ వెనక్కి జరిపాడు. సుమతి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "యాడికి పోతావు? మురళి చదువుతాడు, నువ్వు విను. మనకి ఏది పనికిరాదో చెప్పు, నేను రాస్తా. ఇన్నేండ్లూ నువ్వు చేసింది అదే గదా!"

ఆయన కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "సరి, నిలకడ నిలకడ అని అరిచినోణ్ణి నేనే, దినానికొక ఎడిషను రాసినోణ్ణీ నేనే," అన్నాడు. "పడింది రెండు. నాగి గోడ మీంచి పడిపోయింది. బతికిందో లేదో నీ కొత్త పుస్తకం ఏమంటాదో చదువు మురళీ."

రాయడానికి తీసిన పెన్ను సుమతి చేతిలో ఆగిపోయింది. ఇలా అవుతుందని ఆమె అనుకోలేదు, నాగి తిరిగొచ్చే ఆ ఒక్కసారీ ఎనిమిదేళ్ల కిందే అయిపోయింది. మురళి గబగబా పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"చచ్చినోళ్లు..." వాడి గొంతు పూర్తిగా ఎండిపోయింది. "చచ్చినోళ్లు రెండోసారి కూడా తిరిగి రావచ్చు, బల్ల చుట్టూ ఉండేవాళ్లు తలా మూడు పాళ్లు ఇస్తే."

సుమతి తొంగి చూసింది. ఆ పేజీలో ఉన్నవి పడవల అద్దెలు.

వెంకటపతి మామ ఆ గొంతు విన్నాడు, తల ఊపాడు. "రాయమ్మే సుమతీ," అన్నాడు. "ఈపొద్దు తేదీ వెయ్యి. పక్కన మురళి పేరు పెట్టు."