ఎండలో చూసి కొన్న సెంటు

బెల్లం సీజన్లో అనకాపల్లికి ముందు వాసనగా తెల్లవారుతుంది, ఆ తర్వాతే వెలుగు వస్తుంది. ఆ వాసన వేళకే లూర్దు మేరీ జంక్షన్లో గోనెపట్టా పరిచి, బుట్ట మీది తడిగుడ్డ తీసి, పూలు కట్టడం మొదలెడుతుంది. అరటినార మీద సన్నజాజులు పెడుతుంది. సగం మొగ్గల మొహం ఇటు, సగం అటు. మధ్య మధ్య ఒక మరువం రెబ్బ. ఆ మరువం వేసే తీరు చూసి, దండ ఏ జడలో ఉన్నా "ఇది మేరీ కట్టిందే" అని ఊళ్లో ఆడవాళ్లు చెప్పేస్తారు. మొగుడు పోయాక ఆ బుట్ట మీదే కూతురు రోజలిన్‌ని డిగ్రీ చదివించింది. రోజలిన్ ఇప్పుడు కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెబుతోంది.

అదే సెంటర్లో పనిచేసే జాన్ బాబుకి, ఆమెకి పెళ్లి కుదిరింది. జాన్ బాబు తండ్రి రత్నరాజు కశింకోట రోడ్డులో ఒక చిన్న ప్రార్థన మందిరానికి పెద్ద. అక్కడ ఆడవాళ్లు నగలు వేసుకోరు, పూలు పెట్టుకోరు. పెళ్లిలో దండలకు బదులు బైబిళ్లు మార్చుకుంటారు. దేవుడి ముందు ఆడంబరం వద్దన్నది వాళ్ల నమ్మకం.

"తల్లో పువ్వు పెట్టనండి మావయ్యగారూ" అని, పెళ్లివారు ఇంటికి మాట్లాడ్డానికి వచ్చిన రోజు రోజలిన్ వెంటనే ఒప్పుకుంది. చిక్కు రెండో మాట దగ్గర వచ్చింది.

"చెల్లెమ్మా" అన్నాడు రత్నరాజు, టీ గ్లాసు కింద పెడుతూ. "పువ్వు ముట్టని ఇంటికి పూలమ్మే వియ్యపురాలంటే నలుగురూ ఏటనుకుంటారు? పెళ్లి నాటితో ఆ బుట్ట మానేయాల."

"మానేత్తాను అన్నయ్యగారూ" అంది లూర్దు మేరీ, తల ఎత్తకుండా.

వాళ్లు గుమ్మం దాటగానే రోజలిన్ అడిగింది, "ఏటమ్మా, అంత సులువుగా ఒప్పేసుకున్నావు?"

"నీ కాపురం కన్నా నాకు బుట్ట ఎక్కువేటే?"

"మాటిచ్చింది నువ్వు. నేను ఇవ్వలేదు."

మర్నాడు రోజలిన్ బంగారయ్య ఫ్యాన్సీ షాపుకి వెళ్లింది. ఊళ్లో సెంటు కొనాలంటే అక్కడికే వెళతారు, అదీ పొద్దున్నే వెళతారు. సెంటు రాసుకున్న మనిషి ఎండలో నిలబడితే, నీడ ఆ సెంటు పూలు పెట్టుకుంటుంది కదా. నల్లటి నీడలో పూలు మాత్రం తెల్లగా కనిపిస్తాయి. అందుకే ఆ షాపు ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి తమ నీడలు చూసుకుంటూ ఉంటారు. షేర్ ఆటోలు ఆ నీడల్ని తొక్కకుండా పక్కకి తిప్పుకుని పోతాయి.

"తెల్లపువ్వు సెంటు కావాలి బాబాయ్" అంది రోజలిన్.

బంగారయ్య ఒక బుడ్డి తీసి ఆమె మణికట్టు మీద కొట్టాడు. "ముక్కుని నమ్మకు పాపా. మొదట్లో అన్నీ బాగానే ఉంటాయి. రోడ్డు మీదకెళ్లి సూసుకో."

అది గుండుమల్లె. నీడ జడంతా లావుగా, గట్టిగా మల్లెలు.

"పెళ్లి కారుకి కట్టినట్టుంది బాబాయ్!"

రెండో చేతికి నేలసంపెంగ కొట్టాడు. ఘాటుగా మొదలైంది. ఆమె గిర్రున తిరిగి చూసుకునేలోపే నీడలో పూలు వేలాడిపోయాయి.

"నిన్నటి పెళ్లికూతురిలా ఉన్నాను" అని ఆమె నవ్వింది.

మూడోది పాత బుడ్డి, మూత మీద బంగారు రంగు ఊడిపోయింది. మోచేతి మడతలో రాసి కాసేపు ఆగమన్నాడు. ముందు పచ్చి ఆకు నలిపిన వాసన వచ్చింది. దాని వెనక సన్నజాజి మెల్లగా విచ్చుకుంది, అడుగున చల్లటి గంధం నిలిచింది. రోజలిన్ ఎండలోకి నడిచి వెనక్కి చూసింది. నీడ జడలో సన్నజాజులు, సగం ఇటు, సగం అటు. మధ్యలో మరువం రెబ్బలు.

బంగారయ్య షాపులోంచి బయటికి వచ్చి తొంగి చూశాడు. "మీ యమ్మ కట్టినట్టే ఉందే!"

"ఇదే ఇవ్వండి."

"ఆళ్లకి పువ్వు పడదన్నారు కదా?"

"తల్లో పెట్టనన్నాను. పెట్టను."

బంగారయ్య బుడ్డిని కాగితంలో చుడుతూ పగలబడి నవ్వాడు. "మీ మావ నీ నీడకి గుండు గీయించేత్తాడు, సూడు!"

పెళ్లి రోజు మందిరం ముందు షామియానా వేశారు. రోజలిన్ తెల్ల చీరలో, ఒట్టి జడతో కారు దిగింది. పది గంటల ఎండకి నీడ మెట్ల మీద నిలువునా పడింది. పూలు చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరు కట్టినవా అనే చూశారు.

"మేరీ దండే" అంది షామియానాలో ఒకావిడ.

లూర్దు మేరీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రత్నరాజు మెట్లు దిగి వచ్చాడు. "ఏటమ్మా ఇది?"

"నీడండీ మావయ్యగారూ."

"నీడలో అయ్యేటి?"

"మా అమ్మ కట్టే పూలు."

"పూలొద్దన్నాను."

"నా తల చూడండి. ఒక్క రేకు కనిపించినా ఇలాగే వెనక్కి పోతాను."

ఆయన తల చూశాడు, నీడ చూశాడు. "అయితే నీడని బయటొదిలేసి లోపలికి రా."

"ఎలా వదలాలో మీరే చెప్పండి."

వీడియో తీసే కుర్రాడు కెమెరా దించి, "లైటెయ్యమంటారా సార్?" అన్నాడు.

"వద్దురా బాబూ! లైటేత్తే గోడ నిండా పూలే!" అన్నాడు రత్నరాజు.

పాస్టరుగారు నెమ్మదైన మనిషి. "లోపల ట్యూబులైట్లే కదండీ, నీడ అంతగా కనబడదు. గబుక్కున తీసుకొచ్చేద్దాం" అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

రోజలిన్ కదల్లేదు.

"మా అమ్మ బుట్ట మానక్కర్లేదని మావయ్యగారు అంటే వస్తాను. లేదంటే ఇటునుంచి ఇటే ఇంటికి."

"నోర్ముయ్యే! నేను మాటిచ్చేసేను" అంది లూర్దు మేరీ.

"ఆ పూలతో చదువుకున్నది నేనమ్మా. నన్నడగకుండా ఇచ్చావు."

జాన్ బాబు పై మెట్టు మీద కోటు గుండీలు పెట్టుకుంటూ, తీసుకుంటూ నిలబడ్డాడు. రోజలిన్ అతని వైపు చూసింది. అతను ఒక మెట్టు దిగాడు. తండ్రి ఉరిమి చూశాడు. ఇంకో మెట్టు దిగి, ఎండలోకి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

అప్పుడు రత్నరాజు తన భార్య దేముడమ్మను పంపాడు. ఆమె అంచు లేని తెల్ల చీర కట్టుకునే సన్నటి మనిషి. మొగుడి మాటకి ఎదురుచెప్పగా ఎవరూ వినలేదు. వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

"సూడమ్మా, పెద్దాయన మాట..." అంటూ ఆగిపోయింది. అందరూ తన కాళ్ల కింద చూస్తున్నారు.

కోడలి చేతి సెంటు ఆమె అరచేతికి అంటింది. ఒకే సెంటైనా ఒక్కో ఒంటి మీద ఒక్కోలా పూస్తుంది. దేముడమ్మ నీడ ముడిలో పెద్ద తెల్లకలువ ఒకటి రేకులు విప్పుతోంది.

ఆమెది కొండకర్ల. పెళ్లికి ముందు దోనె వేసుకుని ఆ ఊరి పెద్ద చెరువు ఆవలోకి వెళ్లి కలువలు కోసేది. పెళ్లిచూపులనాడు రత్నరాజు ఆమెను చూసింది కూడా ముడిలో కలువతోనే. ఇప్పుడు ఆ నీడ చూసి ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఎండగా ఉంది. షామియానాలోకి రా దేముడమ్మా."

దేముడమ్మ ముడి తడుముకుంది. చేతికేమీ తగల్లేదు. వంగి నీడని తేరిపార చూసుకుంది.

"రానండీ" అంది.

"ఏటీ?"

"రానన్నాను. ఆ పిల్ల అడిగినదానికి ముందు జవాబు సెప్పండి."

షామియానా కింద విసనకర్రలు ఆగిపోయాయి. ఇంతలో ముందు వరసలో ముసలావిడ ఒకామె కుర్చీ ఈడ్చుకుంటూ ఎండలోకి వచ్చి, దేముడమ్మ పక్కన వేసుకుని కూర్చుంది. ఆమె వెనకే ఇంకొక కుర్చీ కదిలింది. రత్నరాజు పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

"మేరీ చెల్లెమ్మా" అన్నాడు రత్నరాజు చివరికి. "నీ బుట్ట నీ ఇష్టం. నేనేటీ అనను."

"అందరికీ వినపడేలా అనండి" అంది దేముడమ్మ.

ఆయన మళ్లీ అన్నాడు.

రోజలిన్ అప్పుడు మెట్లెక్కింది. లోపల ట్యూబులైట్ల కింద ఇద్దరూ బైబిళ్లు మార్చుకున్నారు.

భోజనాల దగ్గర దేముడమ్మ ఆకు పట్టుకుని వెళ్లి లూర్దు మేరీ పక్కన కూర్చుంది.

"వదినా, కట్టడం నాకు రాదు. కోయడం వచ్చు. కొండకర్ల బస్సు మీ జంక్షన్లోనే ఆగుతాదా?"

లూర్దు మేరీ ఆమె ఆకు దగ్గరికి కూర గిన్నె జరిపింది. "ఆగుతాది. తొలి బస్సుకెళ్లు. ఎండెక్కితే కలువలు ముడుసుకుపోతాయి."

ఎదుటి వరసలో రత్నరాజు విననట్టే పెరుగన్నం కలుపుకున్నాడు.

మర్నాడు కొండకర్ల తొలి బస్సులో, డ్రైవరు వెనక సీట్లో, ఒళ్లో ఖాళీ బుట్ట పెట్టుకుని దేముడమ్మ కూర్చుంది. ఆ సీటు ఇప్పటికీ ఆమెదే.