నల్ల వైరు

"నడిపినవాడి అజాగ్రత్త" అని ఒక్క వరుస రాసి, కింద సంతకం పెట్టించుకున్నారు. రాసినవాళ్ళ మీద కోపం ఒక ఎత్తు, నోరు మెదపకుండా సంతకం పెట్టి ఇంటికొచ్చిన మొగుడి మీద కోపం ఇంకో ఎత్తు. వైండింగమ్మకు ఆ రెండూ నెల రోజులుగా చల్లారలేదు.

ఆమె అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. పదహారేళ్ళుగా వైండింగ్ షాపులో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుడుతోంది కాబట్టి ఊరంతటికీ వైండింగమ్మే. మొగుడు నీళ్ళ సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పుతాడు కాబట్టి వాల్వాయన. కొండ మీద ట్యాంకు నుంచి పైపులైను వెంబడి తొమ్మిది కిలోమీటర్ల మట్టిదారి ఉంది. ఇంకా తెల్లవారకముందే నాలుగు చక్రాల ఏటీవీ మీద ఆ దారిన పోయి ఆయన ఏడు వాల్వులు తిప్పితేనే ఊళ్ళో కుళాయిలకు నీళ్ళొస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు.

బండికి ఒక తెగులుంది. దాని దీపానికి కరెంటు ఇంజను లోపలున్న కాయిల్ నుంచే వస్తుంది. ఇంజను జోరుగా తిరిగితే దీపం వెలుగుతుంది, మందగిస్తే దీపం చస్తుంది. మలుపులో నెమ్మదిగా వెళ్ళాలా, దీపం ఆరిపోతుంది. దీపం కావాలా, మలుపులో జోరుగా పోవాలి. ఇంత అఘాయిత్యపు బండిని మనిషి చేతికిచ్చి కొండెక్కించారు. నాలుగో మలుపులో వాల్వాయన బుద్ధిగా నెమ్మదించాడు, ఎదురుగా ఏమీ కనబడలేదు, ముందు చక్రం అంచు దిగింది. బండి కల్వర్టులో పడింది, ఆయన భుజం జారింది. మూడు వారాలు కట్టుతో గడిపి ఆఫీసుకు వెళ్తే ఆ కాగితం ముందు పెట్టారు.

"మీరేమన్నారు?" అని వైండింగమ్మ అడిగింది.

"ఏమంటాను? పెట్టమన్నారు, పెట్టాను."

నెల తిరిగాక ఇప్పుడు, వచ్చే గురువారం పెద్దింజనీరు వస్తాడని, ఆ కాగితం చూసి బండి ఈయన దగ్గరుంచాలో తీసేయాలో తేలుస్తాడని సూపర్‌వైజర్ చెప్పాడట. తీసేస్తే గేటు దగ్గర కుర్చీ. వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకోవడం. కొండ మీద ఏ జాయింటు ఎప్పుడు కారుతుందో చెవితో వినే మనిషిని తీసుకెళ్ళి గేటు దగ్గర కూర్చోబెడతారన్నమాట. ఆ మాట విన్నప్పుడు వైండింగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతకుముందే ఆఫీసువాళ్ళు తమ వంతుగా ఏదో ఉద్ధరించారు. షెడ్డు మెకానిక్ చేత పాత బల్బు తీయించి ఎల్ఈడీ దీపాలు బిగించి, ఇదిగో మార్చేశాం కదా అని చేతులు దులుపుకున్నారు. కాయిల్ ఇచ్చే కరెంటు తిన్నగా ఎల్ఈడీకిస్తే ఏమవుతుందో వైండింగ్ షాపులో నేల ఊడ్చేవాడికి కూడా తెలుసు. నెమ్మదిగా పోతే దీపం రెప్పలు కొట్టుకుంది, జోరుగా పోతే రెండో రోజుకే ఒకటి టప్పుమంది. మధ్యలో ఒక కన్వర్టర్ ఉండాలి. ఇంజను ఎంత ఇచ్చినా, ఎగుడుదిగుడుగా ఇచ్చినా, దీపానికి పన్నెండు వోల్టులే అందించాలి. కొనిపెట్టమని అడిగితే అలాంటి వస్తువు తమ జాబితాలో లేదన్నారు.

"అయితే నేను చేస్తాను," అంది వైండింగమ్మ సూపర్‌వైజర్ ముందు నిలబడి.

సూపర్‌వైజర్ నవ్వి, చేసుకోమ్మా, బండికి ఏమైనా అయితే మాత్రం మీదే పూచీ అన్నాడు. ఆ నవ్వు ఆమె ఇంటిదాకా మోసుకొచ్చింది.

మూడు రోజులు అన్నం తినే బల్ల మీద తినడానికి చోటు లేదు. చచ్చిపోయిన టీవీ నుంచి కెపాసిటర్, పాత కంప్యూటర్ నుంచి నల్లటి రింగు, షాపు నుంచి నాలుగు లావుపాటి డయోడ్లు. ఆ నాలుగూ కలిపి బ్రిడ్జి కట్టింది. అటూ ఇటూ కొట్టుకునే కరెంటును ఒక్క దారిన నడిపించేది అదే. రింగు చుట్టూ రాగితీగ తానే చుట్టింది, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా. వేడి లాగడానికి అల్యూమినియం రేకు కావాల్సి వచ్చి వంటింట్లోకెళ్ళి చేతికందిన గిన్నెమూత కత్తిరించేసింది.

"నాతో కాపురానికొచ్చిన మూత అది," అంది అత్తగారు.

"మీ అబ్బాయి కోసమే అత్తయ్యా."

"వాడి కోసమైతే వాడి కంచం కొయ్యకపోయావా?"

ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరు ఏమడిగినా వైండింగమ్మ సాల్డరింగ్ ఐరన్ కింద పెట్టకుండా, తలెత్తకుండా జవాబు చెప్పింది. చెప్పిన జవాబులన్నీ కసుర్లే. వాల్వాయన రెండుసార్లు బల్ల దగ్గరికొచ్చి, ఏదో అడగబోయి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆదివారం షెడ్డులో బిగించింది. దీపం నుంచి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. రెంటినీ బండి పొడుగునా వెనక్కి లాగి సీటు కిందున్న కన్వర్టర్ పెట్టెలోనే కలిపింది. మెకానిక్ అది చూసి కిసుక్కుమన్నాడు. ఏ బండికైనా నల్ల వైరు పక్కనున్న బోల్టుకు తగిలిస్తారు. ఇనుమే వైరు, దాన్నే బాడీ ఎర్త్ అంటారు. ఆ పని చేసే ఎవరికైనా కళ్ళు మూసుకున్నా చెయ్యి అటే పోతుంది.

"వదినా, ఎర్త్ మర్చిపోయావు," అన్నాడు.

"మర్చిపోలేదు. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు."

ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఈ బండిలో కాయిల్ ఒక కొస పుట్టుకతోనే ఇంజను బాడీకి బిగించి ఉంది. ఇటు నల్ల వైరు కూడా బాడీకి తగిలిస్తే కాయిల్ కరెంటు దీపం దాకా పోకుండా ఒక్క డయోడ్‌లోంచి అడ్డదారిన ఇంటికి పరిగెత్తుతుంది, అది మాడిపోతుంది. కానీ ఆ నవ్వుకు వివరం చెప్పడం ఆమెకు నామోషీ అనిపించింది. ఇంజను స్టార్టు చేసి చూపించింది. అది గురక పెడుతున్నంత నెమ్మదిగా తిరుగుతున్నా దీపం రెప్ప కూడా వేయలేదు. ఇక చాలని చేతులు తుడుచుకుని వచ్చేసింది.

మంగళవారం పొద్దెక్కాక వాల్వాయన బండి తోసుకుంటూ దిగొచ్చాడు. పెట్టె నుంచి మాడు కంపు. వైండింగమ్మ మూత విప్పి చూసింది. నాలుగు డయోడ్లలో ఒక్కటే బొగ్గయింది. దాని వెనకాలే కెపాసిటర్ పొట్ట పగిలింది. ఏ డయోడ్ పోయిందో చూడగానే ఆమెకు సంగతంతా అర్థమైంది. దీపం దగ్గరికెళ్ళి చూసింది. నల్ల వైరు పైతొడుగు కోసి బోల్టుకు బిగించి ఉంది. బోల్టు చుట్టూ రంగు కొత్తగా గీకి ఉంది.

ఆ పెట్టె చేత్తో పట్టుకుని షెడ్డుకు నడిచింది. వెనకాల వాల్వాయన ఆగు, ఆగు అంటూనే ఉన్నాడు. సూపర్‌వైజర్ అప్పటికే కాగితం తీసి "సొంత మార్పుల వల్ల" అని మొదలుపెట్టాడు. వైండింగమ్మ పెట్టె తీసుకెళ్ళి ఆ కాగితం మీదే పెట్టి, మెకానిక్ వైపు తిరిగింది. ముట్టుకోవద్దని చెప్పానా లేదా, నీకు నవ్వడం తప్ప వినడం చేతకాదా, మనిషి చీకట్లో కొండ మీద ఉండగా దీపం పోతే ఏమవుతుందో ఒకసారి చూశావు కదా, రెండోసారి కూడా చూడాలనుందా అని కడిగిపారేసింది.

మెకానిక్ మొహం మాడ్చుకున్నాడు. "వదినా, నేను ముట్టుకోలేదు," అన్నాడు. అని, ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు వాల్వాయన.

వైండింగమ్మకు తల తీసేసినట్టయింది. ఆయనే చెప్పుకొచ్చాడు. సోమవారం పొద్దున షెడ్డులో అందరూ ఎర్త్ మర్చిపోయిందట అని నవ్వుకున్నారు. నలుగురూ నవ్వుతున్నారంటే నిజమే కాబోలనుకున్నాడు. గురువారం పెద్దింజనీరు ముందు ఆమె నవ్వులపాలు కాకూడదని, పానా అడిగి తీసుకుని ఎవరికీ చెప్పకుండా సరిదిద్దాడు.

"నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

"ఇదెలా పనిచేస్తుందో అడుగుదామని అప్పుడే రెండుసార్లు వచ్చాను," అన్నాడాయన. "ఆ మూడు రోజులూ నిన్ను అడిగేలా లేదు. సోమవారం మళ్ళీ అడిగే ధైర్యం చాల్లేదు."

వైండింగమ్మకు ఇంకా ఒళ్ళు మండింది. నలుగురు అన్నారని వైరు కోసిన మనిషే నలుగురు అన్నారని సంతకం కూడా పెట్టాడు. ఆ మాట అనబోయి మింగింది. మెకానిక్‌తో, "నిన్ను అనవసరంగా అన్నాను," అని మాత్రం అంది. అదీ కసురుకున్నట్టే వచ్చింది.

బుధవారమంతా మళ్ళీ అదే బల్ల. ఈసారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. కాయిల్ కొస ఎక్కడుందో, కరెంటు ఎటు పరిగెడుతుందో కాగితం మీద గీసి చూపించింది. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు పెరిగింది, మూడోసారి తగ్గించుకుంది. ఆయన మెల్లగా, వాల్వు తిప్పినట్టే తిప్పి తిప్పి ఆలోచించి, "అయితే తప్పు నల్ల వైరుది కాదు, నాది," అన్నాడు. అవునంది. రెండో మూత అత్తగారే తెచ్చి బల్ల మీద పడేసి వెళ్ళింది.

గురువారం షెడ్డు షట్టర్లు దించి చీకటి చేశారు. పాత బల్బున్న ఇంకో బండినీ, ఈ బండినీ పక్కపక్కన పెట్టి స్టార్టు చేశారు. యాక్సిలరేటర్ వదలగానే పాత దీపం ఎర్రబడి ఆరిపోయింది. పక్కది గోడ మీద తెల్లగా అలాగే నిలబడింది. పెద్దింజనీరు తనే హ్యాండిల్ పట్టుకుని నాలుగుసార్లు చూశాడు. అన్ని బండ్లకూ ఇది పెట్టించండి అన్నాడు. బండి ఈయన దగ్గరే ఉంటుందన్నాడు.

సూపర్‌వైజర్ హుషారుగా కాగితం తెచ్చాడు. బండి తిరిగి అప్పగించినట్టు అడుగున ఒక్క సంతకం పెడితే అయిపోతుందన్నాడు. అదే పాత కాగితం, పైన అదే వరుస. వైండింగమ్మ నోటి దాకా వచ్చినదాన్ని పళ్ళ మధ్యే పట్టి ఉంచింది. ఇది తను చెప్పకూడదు. జీవితంలో ఏ మోటారూ ఆమెను అంత కష్టపెట్టలేదు.

వాల్వాయన పెన్ను తీసుకున్నాడు. పైనుంచి కిందికి నెమ్మదిగా చదివాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"పై మాట కొట్టేయండి సార్."

అదేదో రాయాలి కాబట్టి రాసిందేనని, ఇప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్ళెవరూ లేరని సూపర్‌వైజర్ సర్దబోయాడు. అంటూ వైండింగమ్మ వైపు గుర్రుగా చూశాడు, నేర్పించింది ఈవిడేనన్నట్టు. ఆమె గోడకున్న వెలుతురునే చూస్తూ నిలబడింది.

"నేను అజాగ్రత్తగా నడపలేదు సార్," అన్నాడు వాల్వాయన. గొంతు పెంచలేదు. "అది మలుపు. నెమ్మదించాను."

పెద్దింజనీరు ఆరిపోయిన దీపం వైపు ఒకసారి చూసి, పెన్ను తీసుకుని ఆ వరుస మీద గీత కొట్టాడు. వైండింగమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరి ముందూ ఇదేమిటని తన మీద తనకే కోపం వచ్చి, బండి దగ్గరికెళ్ళి అవసరం లేకపోయినా నల్ల వైరు ఇంకోసారి లాగి చూసింది.