మెర్యా దూకితే కాఫీ వేళ

హార్యుల ఊళ్లో చలికాలం ఆదివారాల్లో మెర్యా లాంపినెన్ దూకిందంటే కాఫీ వేళ అయిందని లెక్క.

స్కీలు కట్టుకుని పైనుంచి జారి గాల్లోకి దూకే గుట్ట అది. దాని వాలు పొడుగునా మంచులో కొలిచేవాళ్లు నిలబడతారు. ఒక్కొక్కరికీ కాపలాకి కొన్ని మీటర్లు. దూకినవాడి కాళ్లు ఎవరి ముందు నేలకి తగిలితే వాళ్లు చెయ్యెత్తుతారు. ఆ దూరం మైకులో పేరుతో సహా చదువుతారు. కానీ అదంతా రొమ్ము మీద నంబరున్న మగవాళ్లకే. వాళ్లకంటే ముందు ఎవరో ఒకరు దూకి, రాత్రి కురిసిన మంచుని జాడలోంచి చెదరగొట్టి, గాలి ఎటు వీస్తోందో చూపించాలి. వాళ్లకి నంబరుండదు, మార్కులుండవు, మైకులో పేరూ వినపడదు. పదేళ్లుగా హార్యులలో ఆ పని మెర్యాదే. ఆమె పైన బల్ల మీంచి జారగానే, వాలు మీదున్న ముసలాళ్లంతా చేతులు జేబుల్లోంచి తీసేది ఫ్లాస్కు మూత తిప్పడానికే. అందులో ఎవరికీ దురుద్దేశం లేదు. మెర్యాకి ఒళ్లు మండేది సరిగ్గా అందుకే. దురుద్దేశమైతే కనీసం ఎదురు తిరిగి పోట్లాడొచ్చు.

పద్నాలుగో ఏట ఆమె మగపిల్లల పోటీలో కప్పు కొట్టింది. మరుసటేడు ఆ మగపిల్లలంతా పెద్దవాళ్ల విభాగంలోకి వెళ్లారు. ఆమె వెళ్లడానికి ఏ విభాగమూ లేదు.

"ఆడవాళ్ల నడుముకి మంచిది కాదటమ్మా" అన్నాడు క్లబ్బు కార్యదర్శి.

"ఎవరన్నారు?"

"డాక్టర్లు."

"ఏ డాక్టరు?"

కార్యదర్శి కాఫీ కప్పు మీద ఉఫ్ అని ఊదుకున్నాడు. పాల ఫ్యాక్టరీలో మెర్యా పొద్దున్నుంచి సాయంత్రం దాకా సీసాల పెట్టెలు మోస్తుంది. ఆ నడుము గురించి ఏ డాక్టరూ బెంగపెట్టుకున్న దాఖలా లేదు.

ఈ చలికాలంతో ఆ కాస్త పనీ పోతోంది. వచ్చే ఏడు నుంచి కుర్రాళ్ల చేత దూకిస్తామని క్లబ్బువాళ్లు చెప్పేశారు. "నువ్వు సాసేజీల అంగడి చూసుకుందువులే, చక్కగా కాలుస్తావు" అని ఓదార్పు కూడా ఒకటి. అంటే మార్చిలో జరిగే జాతీయ పోటీలే ఆమెకి ఆఖరు. ఇరవై ఆరేళ్లొచ్చాయి. గుట్ట మీద ఇన్నేళ్లు దూకినా ఆమె పేరుకి ఎదురుగా ఒక్క అంకె లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను దూకిన దూరం కొలిచి తన పేరుతో చదవాలి. ఆమె కోరికల్లా అంతే.

పోటీ రోజు ఎండ కాస్తోంది. గాలి మాత్రం కింద నుంచి పైకి గట్టిగా కొడుతోంది. మామూలుగానే మెర్యా మొదట దూకింది. అంచు దాటగానే గాలి ఆమెని కింద నుంచి పట్టి ఎత్తింది. ఎంతకీ దింపదే. వాలు అయిపోయి నేల చదునయ్యే చోటు కళ్ల ముందుకి వచ్చేసింది. అక్కడికి కాస్త ఇవతల దిగితే మోకాళ్లు కలుక్కుమన్నాయి. తల తిప్పి చూసింది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ చోట కాపలా ఉన్నవాడు ఆర్మాస్, రంపపు మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన తల వంచుకుని తీపి రొట్టె కాఫీలో ముంచుకుంటున్నాడు.

మెర్యా మెట్లన్నీ ఎక్కి బాబాయి దగ్గరికి వెళ్లింది. తౌనో ఆమె తండ్రికి తమ్ముడు, క్లబ్బుకి కోచ్. అంచు పక్కనున్న మంచె మీద నిలబడి, గాలి చూసుకుని జెండా ఊపేది ఆయనే.

"బాబాయ్, మరీ దూరం పోయాను. బల్ల కిందికి దించి ఊపు తగ్గించమని చెప్పు. లేకపోతే ఎవడో ఒకడు చదునులో పడతాడు."

తౌనో వాకీటాకీలో పోటీల పెద్ద ఫోర్స్‌మన్‌కి చెప్పాడు. ఫోర్స్‌మన్ హెల్సింకీ నుంచి వచ్చిన మనిషి.

"ఎంత దూరం?" అన్నాడు ఫోర్స్‌మన్.

"కొలవలేదండి."

"కొలవకపోతే నన్నేం చెయ్యమంటారు? ఆడపిల్ల, బరువు లేదు. తేలిపోయి ఉంటుంది."

ఒకటో నంబరు కెమి ఊరి కుర్రాడు. చక్కగా లేచాడు, చక్కగా ఎగిరాడు, వెళ్లి చదునులో పడ్డాడు. మోకాలు పక్కకి తిరిగింది. అతన్ని మంచు మీద లాగే స్లెడ్జి మీద పడుకోబెట్టి తీసుకుపోయారు.

అప్పుడు బల్ల దించారు. దించేలోపు గాలి తిరిగి వెనక నుంచి కొట్టడం మొదలైంది. బల్ల మార్చినప్పుడు నంబరు లేనివాళ్లు మళ్లీ దూకి చూపించాలి. అందుకోసం తెచ్చిన కుర్రాళ్లిద్దరూ స్లెడ్జిని చూశాక స్కీలు భుజాన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. మిగిలింది మెర్యా.

ఆమె బల్ల మీద కూర్చుంది. పచ్చ దీపం వెలిగింది. తౌనో జెండా ఊపాడు. మెర్యా కదల్లేదు. దీపం ఆరి మళ్లీ వెలిగింది. జెండా మళ్లీ ఊగింది. మెర్యా ఆ బల్ల మీదే భీష్మించుకుని కూర్చుంది.

పైనున్న ఫోను మోగింది. బల్ల పక్కనుండి దూకేవాళ్లని వదిలే స్టార్టరు దాన్ని తీసి, మొహం అదోలా పెట్టి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"ఏమ్మా, దీపం కనబడటం లేదా?" ఫోర్స్‌మన్ గొంతు.

"కనబడుతోందండి. కొలిచేవాళ్ల చేతులే కనబడటం లేదు. అన్నీ జేబుల్లో ఉన్నాయి."

"నిన్ను కొలవక్కర్లేదు. నువ్వు పోటీలో లేవు."

"పొద్దునా లేను. పొద్దున కొలిచుంటే ఆ కెమి అబ్బాయి ఇప్పుడు తన కాళ్ల మీద తను నిలబడి ఉండేవాడు."



"సరే, కొలిపిస్తాను. దూకు."

"కొలిచి మైకులో చదవాలి. నా పేరుతో."

"నియమాల్లో అలా లేదమ్మా."

"చదవకూడదనీ లేదుగా."

"ఇక్కడ టీవీ వాళ్లు ఎదురుచూస్తున్నారు."

"చూడనివ్వండి. నేను పదేళ్లు చూశాను."

ఫోర్స్‌మన్ ఈసారి తౌనోని పట్టుకున్నాడు. మీ అమ్మాయికి బుద్ధి చెప్పండి, లేకపోతే ఇటుమీదట మీ క్లబ్బుకి పోటీలే ఇవ్వం అని వాకీటాకీలో కేకలేశాడు. తౌనోకి ఆ క్లబ్బే ఇల్లూ వాకిలీ. ఆయన తల ఎత్తి బల్ల వైపు చూశాడు.  బాబాయి దిగమంటే కాదనగల శక్తి ఆమెకి లేదు.

తౌనో జెండాని నెమ్మదిగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నా చెయ్యి నొప్పెడుతోందండి" అన్నాడు వాకీటాకీలో. "కొలిచేవాళ్ల చేతులు లేస్తే నాదీ లేస్తుందేమో."

మెర్యాకి ఆ మాట వినపడలేదు. చంకలో చుట్టి ఉన్న జెండా మాత్రం కనబడింది. కళ్లు చెమర్చాయి. గాగుల్స్ లోపల తుడుచుకునే వీలు లేక రెప్పలు టపటపలాడించింది.

కొంతసేపటికి ఫోర్స్‌మన్ సరేనన్నాడు కాబోలు, వాలు మీద ఒకరొకరుగా చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఆర్మాస్ కప్పులో మిగిలింది మంచులో పారబోసి నిటారుగా నిలబడ్డాడు. తౌనో జెండా విప్పి ఊపాడు.

మెర్యా జారింది. అంచు దగ్గర కాళ్లు ఒక్క ఊపున సాచింది. లేచింది కానీ, కింద ఏమీ లేదు. పొద్దున ఎత్తిన గాలి ఇప్పుడు వెనక నుంచి తోసి నేలకేసి నొక్కుతోంది. ముందుకి వాలి, ఒళ్లంతా బిగబట్టి, ఇంకో గజం, ఇంకో అర గజం అని దేబిరించింది. నేల వచ్చేసింది. ఆర్మాస్ ఉన్న చోటికి చాలా పైన, ఎప్పుడూ ఎవరూ దిగని చోట, పనిలేక నిలబడి ఉన్న ఒకాయన తుళ్లిపడి చెయ్యెత్తాడు.

డెబ్బయ్యొకటిన్నర.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మెర్యా కంచె దగ్గర ఆగి స్కీలు విప్పుతుంటే ఫోర్స్‌మన్ తనే దిగి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"చూడమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "వెనక గాలికి ఎవరైనా ఇంతే. మాకు కావలసింది తెలిసింది, బల్ల కాస్త పైకి జరుపుతాం. ఇది మైకులో చదవడమెందుకు? నీ పేరే పాడవుతుంది."

మెర్యాకి చెవులు వేడెక్కాయి. పొద్దున దూకినదానికి కొలత లేదు. కాబట్టి అది ఎంతైనా కావచ్చు. ఈ ఏడు తొంభై ఐదు అంటారు, నాలుగేళ్లు పోతే వంద అంటారు, సాసేజీల అంగడి దగ్గర కథలుగా చెప్పుకుంటారు. ఇది అలా కాదు. ఇది చదివారంటే డెబ్బయ్యొకటిన్నర దగ్గరే ఉండిపోతుంది, ఆవగింజంత కూడా పెరగదు. సరేనండి అంటే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గుతో చచ్చిపోతోంది మరి.

"చదవండి" అంది.

"నవ్వుతారమ్మా."

"నవ్వనివ్వండి. ఇన్నాళ్లూ నవ్వడానికైనా ఎవరూ ఇటు చూడలేదు."

ఫోర్స్‌మన్ ఆమెని ఎగాదిగా చూసి, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మెర్యా లాంపినెన్" అంది మైకు. "హార్యుల. డెబ్బయ్యొకటిన్నర మీటర్లు."

ఆ పేరు గుట్టకి తగిలి జనం మీదికి వచ్చింది. చప్పట్లు కొన్ని, నవ్వులు కొన్ని. కంచె అవతల నుంచి సాసేజీ నములుతూ ఒకాయన అరిచాడు.

"ఇంతేనా, పిల్లా?"

మెర్యా హెల్మెట్ తీసి, ఆయన మొహం కనబడేదాకా వెతికి, సూటిగా చూసింది.

"ఇప్పటికి ఇంతే" అని, స్కీలు భుజాన వేసుకుని మళ్లీ మెట్ల వైపు నడిచింది.