మామ రాయేసిన గది

టీ గ్లాసులో మట్టిపెళ్ల పడింది. చిన్నదే, శనగగింజంత. మా అత్త రహమత్‌బీ దాన్ని వేలితో తీసి పక్కన పడేసి, "బల్లి పారింటది లే" అని టీ తాగబోయింది. నేను పైకి చూశాను. దూలం పక్కన మట్టి తడిసి నల్లగా ఉంది. బల్లీ లేదు, గిల్లీ లేదు.

ప్రొద్దుటూరులో మాది పాతకాలపు మట్టిమిద్దె. టేకు దూలాలు, వాటి మీద బండలు, బండల మీద చౌడు మట్టి. మిద్దె కారకుండా మా మామ అబ్దుల్ వాహిద్ ఏటేటా కొత్త చౌడు పోయించేవాడు, పాతది మాత్రం తీయించేవాడు కాదు. ఆ బరువంతా మా నెత్తి మీద అట్లాగే ఉండిపోయింది. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇల్లు చాలదని కువైట్‌లో ఉన్న నా మొగుడు జాఫర్ పోరుపెడితే, మామే దగ్గరుండి ఇంటి ముందు భాగం పగలగొట్టించాడు. పక్కన ఖాళీ జాగాలో రెండు కొత్త గదులకు తన చేత్తో మొదటి రాయి వేశాడు. ఆ నెలలోనే గుండెపోటుతో పోయాడు. సగం కూల్చిన ఇంటిని ఎవరైనా అట్లా వదిలేస్తారా? పని సాగింది. మిగిలిన ఒకే ఒక్క పాత గదిలో మా అత్త ఇద్దత్ కూర్చుంది.

ఇద్దత్ అంటే, మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు ఆయన ఇంట్లోనే ఉండాలి. గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. ప్రాణం మీదికి వస్తే దాటొచ్చని మసీదు హజరత్ చెప్పాడు. ఆ మాట అత్త చెవిన వేస్తే, "ప్రాణం బాగనే ఉంది కదా!" అంది. మొండిఘటం. నేనూ తక్కువదాన్ని కాదులెండి, అందుకే పొద్దున లేస్తే మా ఇద్దరికీ పేచీ.

అసలు తప్పు ఆ గదిలోనే జరిగింది. ఈ గదికి ఆనుకున్న ముందు భాగం గోడ తీసేటప్పుడు, దూలం కింద లోపలివైపు కూడా ఊతకట్టెలు పెట్టాలన్నాడు మేస్త్రీ గుణశేఖర్. లోపల అత్త ఉంటే మగవాళ్ళు ఎట్లా వెళ్తారు? బయటివైపు మాత్రం పెట్టి ఊరుకున్నారు. నిన్న రాత్రంతా వాన కొట్టింది. చౌడు కడుపునిండా నీళ్ళు తాగింది.

నేను బయటికి ఉరికాను. గుణశేఖర్ అప్పటికే గోడ దగ్గర ఉన్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, కట్టెలు బురదలోకి దిగిపోతాండాయి. బీట సూడు, పొద్దున వేలు పట్టలా, ఇప్పుడు చెయ్యి పడతాంది. పెద్దమ్మను బయటికి తీసకరా."

"లోపల కట్టెలు పెడితే నిలబడదా?"

"ఇప్పుడు సుత్తి తగిల్తే సాలు, అంతా మీదకొస్తాది. బిరీన పో తల్లీ!"

కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. భయం, చెప్పొద్దూ, చచ్చేంత భయం. బడికి పోయిన నా పిల్లల ముఖాలు కళ్ళ ముందు ఆడాయి. కానీ ఆ ముసలామెను అట్లా వదిలేసి రేపు ఏ ముఖం పెట్టుకుని అన్నం తింటాను? బిస్మిల్లా అనుకుని లోపలికి పోయాను.

"అత్తా, లెయ్యి. మిద్దె పడేటట్టుంది."

"ఏంది ఆ అరుపులు? నా పెండ్లికి ముందునుంచి ఉండే మిద్దె. యాడికీ పోదు."

"మామ కూడా యాడికీ పోడనుకుంటివి!"

అనేసి నాలుక కరచుకున్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో పైన దూలం కిర్రుమంది. ఈసారి ఆమె కూడా బల్లి అనలేదు.

"వాకిట్లో మగోల్లుండారు" అంది గొంతు తగ్గించి. "ఇసుక ట్రాక్టరు కోసం ప్రహరీ కూడా పగలగొడితిరి. బజారంతా సూస్తాది. నేను రాను."

తల బయటికి పెట్టి అరిచాను. "అందురూ అటు తిరగండప్పా! గురవక్కా, ఆ పట్ట అడ్డం పట్టండి!"

ఇటుకలు మోసే గురవమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు సిమెంటు మూటల మీది నీలం పట్ట లాగి, వాకిట్లో అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. మగవాళ్ళంతా అటు తిరిగారు. గుణశేఖర్ బజారులో ఆగిన ఆటోవాణ్ణి కూడా తిట్టి తరిమాడు.

"ఎవురూ సూడరు అత్తా. పట్ట చాటున కొత్త గదిలోకి పోదాం. అదీ మామ ఇల్లే. ఆయన చేత్తో రాయేసినాడు. ఇల్లు దాటినట్టెట్లయితాది?"

"కప్పు లేనిది ఇల్లెట్లయితాది?"

"ఈడ ఉండే కప్పు నెత్తిన పడతాంది, అది సాలదా నీకు?"

చేటెడు మట్టి మంచం మీదికి జారింది. దుమ్ముకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. అత్త నా భుజం పట్టుకుని తోసింది. "నువ్వు పో ఆస్మా. నీకు పిల్లోల్లుండారు. నా ఉసురు నాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె పక్కనే చాప మీద చతికిలబడ్డాను. "నువ్వు రాకుంటే నేనూ పోను. పైన మామ అడిగితే నువ్వే జవాబు చెప్పుకో."

అన్నానే గానీ కళ్ళు దూలం మీదే ఉన్నాయి. లోపల్లోపల యా అల్లా, యా అల్లా అనుకుంటున్నాను. అత్త ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత జపం చేసుకునే తస్బీ తీసుకుని, మోకాలి మీద చేయి ఊని లేచింది.

"పద" అంది.

పట్ట చాటున నాలుగంగల్లో వాకిలి దాటాం. కొత్త గదిలో అడుగుపెట్టామో లేదో, వెనక ధడేల్‌మంది. కాళ్ళ కింద నేల అదిరింది. వాకిలంతా దుమ్ము. గురవమ్మ వాళ్ళు పట్ట వదిలేసి కేకలు పెట్టారు. దుమ్ము తగ్గాక చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. గది లేదు. మేము కూర్చున్న చాప మీద టేకు దూలం పడి ఉంది.

కొత్త గోడలు తలెత్తు లేచాయి, పైన ఆకాశం. "ఆయన రాయి యాడుండాది?" అని అడిగింది అత్త. మూల చూపించాను. పోయి దానికి ఆనుకుని కూర్చుంది. నేనూ ఆమె పక్కనే కూలబడ్డాను. నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో నా తలలో మట్టి దులిపింది.

"నేను లేయకుంటే నువ్వు నిజంగా ఆన్నే కూచునేదానివా?"

అవునని చెబుదామనుకున్నాను. మామ రాయి పక్కన కూర్చుని అబద్ధమాడలేకపోయాను. "లేదత్తా. ఇంగో పెళ్ల రాలింటే నిన్నిడ్సిపెట్టి పరిగెత్తేదాన్ని."

"నాకు తెల్సులే" అంది తల దులపడం ఆపకుండా. "అట్ల పోయింటే ఆ బాధ నిన్ను బతకనిస్తాదా? అందుకే ఆ పెళ్ల రాలకముందే లేసినా."