అక్క ట్యాబుకి కొత్త అద్దం

వజ్రం అతని అసలు పేరు కాదు. అద్దాలు కోసే వజ్రపు ములికి నలభై ఏళ్ళుగా జేబులో పెట్టుకు తిరుగుతాడు కనక జనం అలా పిలిచారు. ఆ మధ్యాహ్నం మాత్రం అతను బావ ఇంటికి కిటికీ పనికి రాలేదు. నెల కింద పోయిన అక్క ట్యాబుకి పగిలిన అద్దం మార్చాలి.

అక్క కూలినప్పుడు చేతిలోంచి జారి పగిలింది అది. అప్పట్నుంచీ బావ దాన్ని ఛార్జింగులోంచి తీయలేదు. సగం తెర నలుపు. మిగతా సగం వేలు పెడితే పలకదు. ఎవరూ ముట్టనప్పుడు దానంతటదే వెలుగుతుంది, నొక్కుకుంటుంది, ఎవరికో ఫోను కలుపుతున్నట్టు సన్నగా చప్పుడు చేస్తుంది.

"అదుగో, మీ అక్క," అన్నాడు బావ.

"పగులు బావా. అద్దం చెడితే ఎవరో వేలు పెట్టారనుకుంటుంది యంత్రం."

"నెల్లాళ్ళనుంచీ పెడుతూనే ఉందిరా వేలు. బతికున్నప్పుడూ అంతేగా, పెట్టని పనేది?"

వజ్రం నవ్వబోయాడు. ఇంతలో చొక్కా జేబులో నోరు నొక్కి ఉంచిన ఫోను గుండె మీద గిలగిలా కొట్టుకుంది. తీసి చూడక్కర్లేదు. నెలగా మధ్యాహ్నాలు అక్క పేరుతో అలాగే కొట్టుకుంటోంది. పగులే అని తనకి తానే చెప్పుకుంటాడు. చెప్పుకుని కూడా ఎత్తడు.

"ఎవర్రా?"

"పనివాళ్ళు."

బావకి కావలసింది ఒక్కటే. ఆ రోజు అతను మందులకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆవిడకి ఊపిరి లేదు. పక్కన ట్యాబు వెలుగుతోంది. ఎవరికో ఫోను చేసిందని తెలుస్తోంది గాని, ఎవరికన్నది పగుళ్ళలో తెలియలేదు. అద్దం మారిస్తే ఆ పేరు బయటపడుతుంది. ఆ మనిషిని పట్టుకుని ఆఖరి మాటేమిటో అడగాలి.

ఆ మనిషెవరో వజ్రానికి తెలుసు. మూడుసార్లు మోగింది తన ఫోనే. నలుగురిలో తనని తాగుబోతు అన్నదని అప్పటికి నాలుగు నెలలుగా అక్కతో మాటల్లేవు. ఆ రోజు అక్క పేరు చూసి, ఫోను బోర్లించి, చేతిలోని అద్దం కోసుకుంటూ పోయాడు.

పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టాడు. ట్యాబు అంచుల మీద ఒత్తుతుంటే బావ వింతగా చూశాడు.

"నడుముకి పెట్టే కాపడం దానికెందుకురా?"

"జిగురు మెత్తబడాలి. నీ నడుమైతే ఇంతలో కేకలు పెట్టేది."

మెత్తబడ్డ అంచులో ప్లాస్టిక్ కార్డు దూర్చి చుట్టూ నడిపించాడు. తెర లేచింది. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాడు. గదిలో ఆ సన్నటి చప్పుడు ఆగిపోయింది. బావ గోడవైపు తిరిగాడు.

"పోయిందా?"

"తీగ ఊడదీశానంతే."

"ఊఁ," అన్నాడు బావ. చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు.

పార్శిల్లో వచ్చిన కొత్త తెరకి తీగలు కలిపి, అంచు కూర్చోబెడుతూ వజ్రం మూల దగ్గర ఆగాడు. బొటనవేలు ఇంకాస్త బరువు వేస్తే చాలు, చిటుక్కుమంటుంది. వచ్చేటప్పుడే దెబ్బతింది బావా అంటే సరిపోతుంది. బావ నమ్ముతాడు. అద్దాల విషయంలో వజ్రం మాట తప్ప ఇంకెవరి మాటా వినడు బావ. అది గుర్తొచ్చి వేలు వెనక్కొచ్చింది.

తెర వెలిగింది. ఏ మచ్చా లేదు. ఎవరూ నొక్కడం లేదు. అది అలా కదలకుండా ఉంటే వజ్రానికి మునుపటికన్నా ఎక్కువ భయమేసింది.

"కళ్ళజోడు ఎక్కడుందో ఏమో. నువ్వే చదువు," అన్నాడు బావ.

పైనుంచి కిందిదాకా ఒకటే పేరు. తమ్ముడు. తమ్ముడు. తమ్ముడు. నెలగా పగులు చేసిన ఫోన్లన్నీ వేలితో పైకి తోసుకుంటూ పోయాడు. ఆ రోజు తారీఖు వచ్చింది. అక్కడా అదే పేరు.

"నాకే బావా."

బావ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. నెలలో మొదటిసారి అతని మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "నీకా! మరి చెప్పవేంరా ఇన్నాళ్ళూ? ఏమంది?"

బాగున్నావా అంది అనొచ్చు. కోపం లేదంది అనొచ్చు. ఏ మాటైనా అక్క నోట పెట్టొచ్చు. కాదనడానికి ఆవిడ లేదు.

"ఎత్తలేదు," అన్నాడు వజ్రం.

తిడతాడేమోనని చూశాడు. తిడితే బాగుండుననీ చూశాడు.

"ఎన్నిసార్లు చేసింది?"

"మూడు."

"ఆఖరుది ఎన్నింటికి?"

"రెండూ నలభైకి."

బావ మళ్ళీ గోడవైపు తిరిగాడు.

"రెండుంబావుకే మందులు చేతికొచ్చాయి నాకు," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "కొట్టాయన కాసేపు కూర్చోమన్నాడు. మూడయ్యేదాకా కూర్చున్నాన్రా."