పర్మిట్ మీద బొట్టు

శనివారం కాబట్టి, మా పక్కింటి విజయశ్రీ ఆంటీకి తోడుగా నేనూ వ్యాన్ ఎక్కాను. ఆంటీ అమెరికాలోని ఈ ఐసెలిన్‌లో వృద్ధుల డేకేర్‌కి డ్రైవర్. వెనక చక్రాల కుర్చీలో రాఘవులు తాతయ్య ఉన్నారు. మంగళ, గురు, శనివారాల్లో ఆయనకు డయాలసిస్. జ్వరం వల్ల గురువారం వెళ్లలేకపోయారు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

డయాలసిస్ సెంటర్ ముందు వికలాంగుల చోటులో ఆపగానే గార్డు వచ్చాడు. అద్దం దగ్గర వేలాడుతున్న పార్కింగ్ పర్మిట్ చూసి, నంబరు కనబడటం లేదు, బండి తీయండి అన్నాడు.

డేకేర్ పేరు మీద ఇచ్చిన పర్మిట్ అది. నిన్న డేకేర్‌లో వ్యాన్‌కి దసరా పూజ చేస్తూ తాతయ్య దానికి కూడా పసుపు రాసి, సరిగ్గా నంబరు మీద బొట్టు పెట్టారు.

"బండికి పెడితే చాలదా బాబాయ్ గారూ?" అంది ఆంటీ వెనక్కి తిరిగి.

"బండిని ఆపనిచ్చేది అదే కదమ్మా! దానికి పెట్టకపోతే ఎలా?"

ఆంటీ శానిటైజర్ వైప్‌తో గట్టిగా రుద్దింది. పసుపుతోపాటు అంకెలూ, గడువు తేదీ కూడా చెరిగిపోయాయి.

గార్డు రోడ్డు అవతల ఆపుకోమన్నాడు. అక్కడ చక్రాల కుర్చీ దిగే ర్యాంప్ దించే జాగా లేదు. ఆంటీ బతిమాలింది. అతను ఫోన్ తీశాడు.

"బండి లాక్కెళ్లడానికి టో ట్రక్‌ని పిలుస్తున్నాడే! జాహ్నవీ, నువ్వైనా ఇంగ్లిష్‌లో చెప్పవే, ఇక్కడ స్కూల్లో చదువుతున్నావుగా!"

నిరుడే మా ఊరి బడి నుంచి వచ్చాను. ఇక్కడ క్లాసులో హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పను. 'ప్లీజ్' అనబోయాను. వెనక తాతయ్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది. దిగి, పక్క తలుపు బార్లా తెరిచాను.

గార్డు లోపలికి చూశాడు. తాతయ్య పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, ఆయన్ను దించి వెంటనే బండి తీయమన్నాడు. నర్సు పరుగున వచ్చి కుర్చీని లోపలికి తోసుకెళ్లింది. ఆంటీ బండి తీసుకెళ్లింది, నేను తాతయ్యతో ఉండిపోయాను.

యంత్రం మొదలయ్యాక ఆంటీ ఫోన్ చేసింది. కొత్త పర్మిట్ వచ్చేదాకా వ్యాన్ తిప్పొద్దన్నాడట డేకేర్ ఓనర్. ఎన్ని వారాలు పడుతుందో తెలియదట.

"ఏమంటోందమ్మా?" తాతయ్య కళ్లు తెరవకుండానే అడిగారు.

"ఏం లేదు తాతయ్యా."

"మంగళవారం కాస్త పెందరాళే బయల్దేరదామని చెప్పు."

ఆంటీ ఇంకా లైన్‌లోనే ఉంది.